పాఠకుల ప్రశ్నలు: సెన్సర్ మార్చినా అదే కోడ్

ప్రశ్న: మాది మలికిపురం మండలం. 2008లో కొన్న పెట్రోలు కారు వాడుతున్నాను. కొంతకాలంగా సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ ఇంజన్ అందుకోవడం లేదు. పాలకొల్లు దాకా వెళ్లి, ఎండలో కాసేపు ఆపి తిరిగి తాళం తిప్పితే మరీ మొండికేస్తోంది. చల్లారాక కొంత నయం. మెకానిక్ గారు స్కానర్ పెట్టి, పి0340 కోడ్ వచ్చిందని క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ మార్చారు. వారం తిరగకుండానే చెక్ ఇంజన్ లైటు మళ్లీ వెలిగింది, కోడ్ కూడా అదే. ఇంకో సెన్సర్ వేద్దామంటున్నారు. వేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. పి0340 అంటే సెన్సర్ పాడైందని అర్థం కాదు. క్యామ్ సెన్సర్ సర్క్యూట్ నుంచి ఇసియుకు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) అందవలసిన సంకేతం సరిగా అందడం లేదని మాత్రమే. ఆ సర్క్యూట్‌లో సెన్సర్‌తో పాటు కనెక్టర్, తీగలు, ఎర్త్ కూడా ఉంటాయి. కొత్త సెన్సర్ వేసినా కోడ్ తిరిగి వచ్చిందంటే మిగిలిన వాటిని చూడకుండా మరొకటి కొనడం డబ్బు దండగ.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి, ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి చేరిందని క్రాంక్ సెన్సర్ చెప్పగలదు గానీ, అది కంప్రెషన్ చివర చేరిందా, ఎగ్జాస్ట్ చివర చేరిందా అన్నది క్యామ్ సెన్సరే చెప్పాలి. ఆ కబురు అందనప్పుడు చాలా ఇసియులు కొంతసేపు వెతుక్కుని, ఊహ మీద ఇంజన్‌ను నడిపిస్తాయి. మీ సెల్ఫ్ అంతసేపు తిరగడానికి కారణం ఇదే కావచ్చు. అలా కాక, నడుస్తున్న బండి దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ ముల్లు బొత్తిగా కదలకపోతే, ముందు క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి.

మీ ప్రాంతంలో నేను మొదట చూడమనేది కనెక్టర్‌ను. ఉప్పుగాలి, రొయ్యల చెరువుల గట్ల మీది తేమ పాత కార్ల పిన్నులను ఊరికే వదలవు. ఇగ్నిషన్ ఆపి, లాక్ నొక్కి కనెక్టర్ ఊడదీసి, పగటి వెలుతురులో లోపలికి చూడండి: పిన్ను మెరుపు పోయి ఆకుపచ్చ చిలుము పట్టి ఉండవచ్చు, సెన్సర్ నుంచి నూనె ఊరి ఉండవచ్చు, లేదా ఒక పిన్ను మిగతా వాటికంటే లోపలికి జారి ఉండవచ్చు. తర్వాత తీగల కట్టను చివరిదాకా వేలితో తడుముతూ వెళ్లండి. కోతలయ్యాక ఎలుకలు బానెట్ కింద కాపురం పెట్టడం మనవైపు కొత్త కాదు కదా. వేడెక్కినప్పుడే మొరాయిస్తోందంటే, పైతొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగిన తీగ కూడా అలాగే చేస్తుంది. అందుకే పరీక్షలన్నీ ఇంజన్ వేడిగా, తప్పు కనబడుతున్న సమయంలోనే చేయించాలి.

మల్టీమీటర్‌తో పని పెద్దది కాదు. సెన్సర్‌కు మూడు తీగలుంటే అది సాధారణంగా హాల్ రకం, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ సెన్సర్. దాన్ని ఓమ్స్‌లో కొలిచి తీర్పు చెప్పకూడదు. కనెక్టర్ ఊడదీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే సప్లయ్ పిన్ను వద్ద, కారు డిజైన్‌ను బట్టి, 5 లేదా 12 వోల్టులు రావాలి. మీటరు ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల తీగను సెన్సర్ ఎర్త్ పిన్నుకు పెడితే బ్యాటరీ వోల్టేజీ పూర్తిగా కనబడాలి. తక్కువ కనబడితే ఎర్త్ బలహీనమైనదన్నమాట. ఈ రెండూ సరిగా ఉంటే ఇగ్నిషన్ ఆపి కనెక్టర్ తిరిగి పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ల కనెక్టర్లు తప్పనిసరిగా ఊడదీసి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి ఇంజన్‌ను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి. కనెక్టర్ వెనుక నుంచి సిగ్నల్ తీగకు మీటరు ఆనించి చూస్తే వోల్టేజీ ఒకసారి సున్నా దగ్గరికి, మరోసారి పైకి దూకుతుండాలి. ఎక్కడా దూకకుండా ఒకేచోట నిలిచిపోతే, సిగ్నల్ తీగ ఇసియు దాకా తెగకుండా, ఎక్కడా షార్ట్ కాకుండా ఉందని తేల్చుకున్నాక మాత్రమే సెన్సర్‌ను తప్పుపట్టండి. అప్పుడు కూడా పాత సెన్సర్ మీది పార్టు నంబరుతో సరిపోయే మంచి సెన్సరే కొనండి. చవక నకళ్లు వేడికి తట్టుకోవు.

ఇటీవల క్రాంక్‌ను, క్యామ్‌ను కలిపి తిప్పే టైమింగ్ బెల్టు మార్పించారా అన్నది మీరు రాయలేదు. బెల్టు ఒక పన్ను తప్పినా క్యామ్, క్రాంక్ లెక్క కుదరదు. అయితే అలాంటప్పుడు పి0016 వంటి వేరే కోడ్ కనబడే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: ఇదే కోడ్ మా కారులోనూ వస్తోంది. స్కానర్‌తో చెరిపేసి నడుపుకోవచ్చా? (భీమవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చెరిపితే లైటు ఆరుతుంది, తప్పు పోదు. పైగా తప్పు నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, వేడి ఎంత ఉన్నాయో ఇసియు దాచుకున్న వివరాలు కూడా కోడ్‌తో పాటే చెరిగిపోతాయి. ముందు వాటిని కాగితం మీద రాసుకుని మెకానిక్‌కు చూపించండి.