డాక్టర్ సలహా: ఈసీజీ నార్మల్ వస్తే గుండెలో రంధ్రం లేనట్టేనా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు నెలలు. ఛాతీలో పొడుస్తోందని పాప రెండు మూడు సార్లు అంటే చిత్తూరులో ఈసీజీ తీయించాం. కాగితం మీద ‘ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ, టి వేవ్ ఇన్వర్షన్, అబ్‌నార్మల్ ఈసీజీ’ అని వచ్చింది. బాబుకు టీకా వేయించడానికి పోతే పిల్లల డాక్టరు గుండెలో శబ్దం వినిపిస్తోందన్నారు. వాడి ఈసీజీ మాత్రం నార్మల్. అయినా ఎకో తీయించమంటున్నారు. పాలు బాగానే తాగుతాడు, ఆరున్నర కిలోలున్నాడు. మా ఆడపడుచు కొడుక్కి పద్నాలుగేళ్లు. చిన్నప్పుడు ఒళ్లు నీలంగా మారే గుండె జబ్బుకు ఆపరేషన్ అయింది. వాడి ఈసీజీలోనూ ఆర్‌బీబీబీ అనే రాసుంది. పాపకూ అదే జబ్బా? మాది మేనరికం, దానివల్లేనా? బాబు పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని, అందరం అలిపిరి మెట్ల మీదుగా నడిచి వస్తామని మొక్కుకున్నాం. వెళ్లొచ్చా? ముగ్గురి ఈసీజీల ఫోటోలూ పంపుతున్నాను.
– ఒక తల్లి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను. ‘నార్మల్’ అని వచ్చిన బాబుకే ఎకో, అంటే గుండె స్కానింగ్, త్వరగా కావాలి. ఒకటి రెండు వారాల్లో తీయించండి. ‘అబ్‌నార్మల్’ అని వచ్చిన పాప కాగితంలో నాకు భయపడాల్సినదేమీ కనిపించలేదు. ఇది తలకిందులుగా అనిపిస్తుందని తెలుసు. మీ ఇంట్లో టెన్షన్ అంతా పాప చుట్టూనే తిరుగుతోందని మీ ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గుండె కొట్టుకునే ప్రతిసారీ దానిలో సన్నటి విద్యుత్తు పుట్టి పై గదుల నుంచి కింది గదులకు ప్రవహిస్తుంది. అది ఏ దిక్కుగా, ఎంత సమయంలో, ఎంత బలంగా పోయిందో గీసి చూపించేదే ఈసీజీ. మొదట కనిపించే చిన్న గుట్ట ‘పి’, అది పై గదులది. నిటారుగా లేచే ‘క్యూఆర్ఎస్’ కింది గదులది. ఆఖరున వచ్చే ‘టి’, ఆ కింది గదులు మళ్లీ సిద్ధమవుతున్నప్పుడు వచ్చేది. ఈ గీతల్లో రంధ్రం ఎక్కడా కనిపించదు. ఇంటి కరెంటు మీటరు చూస్తే ఈ నెల ఎక్కువ కాలిందని తెలుస్తుంది కానీ, గోడలో పగులు ఎక్కడుందో తెలియదు కదా. ఈసీజీ కూడా అంతే. పుట్టుకతో వచ్చిన లోపం వల్ల గుండెలో ఏదైనా గదికి పని పెరిగి, కండ మందమైతేనో, గది సాగితేనో, విద్యుత్తు దారి మారితేనో అప్పుడు గీత మారుతుంది. పని పెరగనంతవరకు, రంధ్రం ఉన్నా గీత మామూలుగానే ఉండొచ్చు.

బాబు సంగతి చూద్దాం. ఈ వయసులో కొత్తగా శబ్దం వినిపిస్తే మేం మొదట ఆలోచించే వాటిలో కింది గదుల మధ్య గోడలో ఉండే రంధ్రం ఒకటి. దాన్ని వీఎస్‌డీ అంటాం. రంధ్రం చిన్నదైతే దానిలోంచి రక్తం ఒత్తిడితో దూసుకుపోతుంది కాబట్టి శబ్దం గట్టిగా ఉంటుంది. పోయే రక్తం తక్కువ కాబట్టి గుండెకు భారం ఉండదు, ఈసీజీ నార్మల్‌గా వస్తుంది. ఇలాంటివి చాలావరకు మొదటి కొన్నేళ్లలో వాటంతటవే మూసుకుపోతాయి. మీ బాబుకు ఇదే అయి ఉండాలని నా ఆశ. పాలు తాగడం, బరువు రెండూ ఆ వైపే చెబుతున్నాయి. ఏ లోపమూ లేకుండా వినిపించే మామూలు శబ్దాలూ ఉంటాయి. కానీ ఇవన్నీ ఊహలే. చెవితో విన్నది ఏమిటో కంటితో చూపించేది ఎకో ఒక్కటే.

రంధ్రం పెద్దదైతే కథ వేరు. ఎడమ గది నుంచి రక్తం కుడి వైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, తిరిగి ఎడమ వైపుకే వస్తుంది. ఎడమ గది సాగుతుంది. ఈసీజీలో ఒక్కో కోణం నుంచి తీసిన గీతను లీడ్ అంటాం. ఛాతీకి ఎడమ వైపు లీడ్లు వి5, వి6లలో గీతలు బాగా పొడుగవుతాయి. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి కూడా పెరిగితే కుడి గది మందమై, మధ్య లీడ్లలో పైకీ కిందికీ చాలా పెద్ద గీతలు వస్తాయి. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడతాయి. అప్పుడు ఈసీజీలో ఎడమ గది ఆనవాళ్లు తగ్గి కుడి గదివి మిగులుతాయి, గుండె శబ్దం చిన్నదవుతుంది. ఈ మాట గట్టిగా చెప్పాలి. పెద్ద రంధ్రమున్న పిల్లలకు వైద్యం చేయించకుండా ఉండి ‘శబ్దం తగ్గిందట, నయమైంది’ అని ఇంట్లోవాళ్లు సంతోషపడితే, అది ఆపరేషన్‌కు సమయం దాటిపోతోందన్న సంకేతం కావచ్చు.

పసిబిడ్డల ఈసీజీలో ఇంకో చిక్కు ఉంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కుడి గదికే పని ఎక్కువ. కాబట్టి పుట్టిన బిడ్డ ఈసీజీ అంతా కుడి వైపే మొగ్గి ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఎడమ గది పైచేయి అవుతుంది. కుడి గదికి భారం కలిగించే లోపం ఉన్నా, మొదటి వారాల్లో అది మామూలు గీతలోనే కలిసిపోతుంది. నాలుగు నెలల బిడ్డ ఈసీజీ నార్మల్ అంటే నాకు కొంత ధైర్యం, అంతే. దాన్ని చూపించి ఎకో మానుకోకండి. మీ పిల్లల డాక్టరు సరిగ్గా చెప్పారు. ఈలోగా బాబు పాలు తాగుతూ మధ్యలో ఆగి ఆయాసపడినా, తాగేటప్పుడు నుదుటికి చెమట పట్టినా, నిద్రలో నిమిషానికి 50 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీసినా, పెదాలు, నాలుక నీలంగా కనిపించినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి.

ఇప్పుడు పాప. ఆ కాగితం మీది మాటలు డాక్టరు రాసినవి కావు, మెషీన్ అచ్చు వేసినవి. చాలా మెషీన్లు పెద్దవాళ్ల లెక్కలతోనే చూస్తాయి. వయసు సరిగ్గా నమోదు చేయకపోతే మరీను. మీరు పంపిన ఫోటోలో వయసు గడి ఖాళీగా ఉంది. టి వేవ్ తలకిందులు కావడం యాభై ఏళ్ల మనిషికైతే కంగారు పుట్టించేదే. ఏడేళ్ల పాపకు ఛాతీ లీడ్లలో మొదటివైన వి1 నుంచి వి3 వరకు టి కిందికి ఉండటం సహజం. చెప్పాలంటే, పుట్టిన మొదటి వారం దాటినప్పటి నుంచి ఈ వయసు దాకా పిల్లలకు వి1లో టి పైకి లేచి ఉంటేనే మాకు అనుమానం. కుడి గది మీద ఒత్తిడి పెరిగిందేమోనని చూస్తాం.

ఆర్‌బీబీబీ అంటే కుడి గదికి వెళ్లే విద్యుత్తు దారిలో ఆలస్యం. ‘ఇన్‌కంప్లీట్’ అంటే ఆ ఆలస్యం స్వల్పం. వి1లో గీత ఒకటికి బదులు రెండు శిఖరాలుగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లో ఇది చాలామందికి ఉంటుంది. మరి డాక్టర్లు దాన్ని ఎందుకు పట్టించుకుంటారంటే, పై గదుల మధ్య రంధ్రం, అంటే ఏఎస్‌డీ ఉన్నవాళ్లకూ అచ్చం ఇలాంటి గీతే వస్తుంది. కుడి గదికి అదనంగా రక్తం వచ్చి అది సాగడం దానికి కారణం. ఈ రెండింటినీ విడదీయడానికి మేం కాగితంలో ఇంకొన్ని చూస్తాం. యాక్సిస్, అంటే విద్యుత్తు మొత్తం మీద ఏ దిక్కుకు పోతోందన్న లెక్క, ఏఎస్‌డీలో తరచుగా కుడికి, 90 డిగ్రీలు దాటి పోతుంది. రంధ్రం గోడ కింది అంచున, కవాటాల దగ్గర ఉంటే యాక్సిస్ ఎడమకు తిరుగుతుంది. పి ఎత్తుగా ఉండటం, కింది లీడ్లలో క్యూఆర్ఎస్ కొసన చిన్న నొక్కు ఉండటం కూడా గుర్తులే. మీ పాప కాగితంలో యాక్సిస్ 66 డిగ్రీలు, క్యూఆర్ఎస్ 82 మిల్లీసెకన్లు. ఈ వయసుకు రెండూ మామూలే. పి కూడా బాగుంది.

అయినా ఏఎస్‌డీ శబ్దం చాలా మెల్లగా ఉంటుంది. పాతికేళ్లు వచ్చేదాకా బయటపడనివాళ్లూ ఉన్నారు. బాబు ఎకోకు వెళ్లినప్పుడే గుండె డాక్టరుతో పాప గుండె కూడా ఒకసారి వినిపించండి. రెండో గుండె చప్పుడు రెండుగా చీలినట్టు, ఊపిరి పీల్చినా వదిలినా ఒకేలా వినిపిస్తే ఆయనే ఎకో రాస్తారు. లేదంటే అవసరం ఉండకపోవచ్చు. కూర్చున్నప్పుడు సూదితో పొడిచినట్టు వచ్చి, ఒకటి రెండు నిమిషాల్లో పోయే నొప్పి పిల్లల్లో ఎక్కువగా ఛాతీ కండరాలకు, పక్కటెముకలకు సంబంధించినదే. పరుగెత్తుతుండగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడమన్నా అది వేరే విషయం. అప్పుడు వెంటనే చూపించాలి.

మీ ఆడపడుచు కొడుకు ఈసీజీలో ఉన్న ఆర్‌బీబీబీ, పాపది, పేరుకే ఒకటి. అబ్బాయికి జరిగింది టెట్రాలజీ ఆఫ్ ఫాలో ఆపరేషన్ అయి ఉంటుంది. కింది గదుల మధ్య రంధ్రం మూసి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే ఇరుకు దారిని వెడల్పు చేస్తారు. ఆ కోతా, కుట్లూ కుడి వైపు విద్యుత్తు దారికి దగ్గరగా పడతాయి కాబట్టి, తర్వాత ఆర్‌బీబీబీ రావడం మేం ముందే ఊహించేదే. ఆపరేషన్ పాడైందని కాదు. కానీ అబ్బాయి విషయంలో క్యూఆర్ఎస్ వెడల్పు ఎంతన్నది ముఖ్యం. వెడల్పు చేసిన దారిలో కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంటే, కుడి గది ఏళ్ల తరబడి సాగుతూ ఉంటుంది, దాంతో పాటే క్యూఆర్ఎస్ కూడా వెడల్పవుతుంది. 180 మిల్లీసెకన్లు దాటితే ప్రమాదకరమైన లయ తప్పడం జరిగే అవకాశం పెరుగుతుందని 1990ల నుంచి వైద్యులకు తెలుసు. ఈ అబ్బాయిది 148. కంగారు లేదు, కానీ పోయినేడాది ఎంతుందో తెలిస్తేనే ఈ అంకెకు అర్థం. పాత ఈసీజీలు పారేయొద్దని మీ ఆడపడుచుకు చెప్పండి. ఆపరేషన్ బాగా జరిగింది కదా అని చెకప్‌లు మానేసే కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఎకో ఉంటే ఈసీజీ ఎందుకని మీరు అడగొచ్చు. కొన్నిచోట్ల ఈసీజీయే ముందు దారి చూపుతుంది. నీలంగా ఉన్న పసిబిడ్డకు యాక్సిస్ కుడికి బదులు ఎడమకు ఉంటే, కుడి వైపు కవాటమే ఏర్పడలేదేమోనని అనుమానిస్తాం. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో యాక్సిస్ పైకి తిరిగి ఉంటే గుండె నడిమధ్య గోడలూ కవాటాలూ సరిగా కలవలేదని అనుకుంటాం. పాలు తాగాక ఒళ్లంతా చెమటతో ఏడ్చే బిడ్డకు ఒకటో లీడ్‌లో, ఏవీఎల్ అనే లీడ్‌లో లోతైన క్యూ (క్యూఆర్ఎస్ మొదట్లో కిందికి దిగే గీత) కనిపిస్తే, గుండె కండకు రక్తమిచ్చే ఎడమ నాళం తప్పు చోట నుంచి పుట్టిందేమో చూడాలి. అది ఆలస్యం చేయకూడని జబ్బు. గుండె లయ తప్పడం, బ్లాక్ వంటివైతే ఈసీజీ లేకుండా తేల్చలేం.

అయితే ఈసీజీని సరిగ్గా తీస్తేనే ఇదంతా. కుడి చేతి వైరు ఎడమ చేతికి పెడితే ఒకటో లీడ్ తలకిందులై, గుండె కుడి వైపున ఉందేమోననిపిస్తుంది. నిజంగా కుడివైపున ఉంటే ఛాతీ లీడ్లలో కూడా గీతలు వి1 నుంచి వి6కు చిన్నవవుతూ పోతాయి, వైరు మారితే అలా కావు. పిల్లల ఛాతీ పలుచన కాబట్టి గీతలు పెద్దగా వచ్చి ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకు కొన్నిసార్లు సగం కొలతలో తీస్తారు. అది గమనించకపోతే చదివేవాళ్లు పొరబడతారు. మీ వంతుగా ఒకటి చేయండి. పరీక్షకు వెళ్లే రోజు బాబుకు నూనె రాసి పౌడరు వేయకండి, స్టిక్కర్లు నిలవవు. పాలు పట్టి, నిద్రపుచ్చి తీయిస్తే గీత శుభ్రంగా వస్తుంది. ఎకోకు నిద్రమందు ఇస్తామంటే మాత్రం, ఎంతసేపు ముందు పాలు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి.

మేనరికం గురించి. దగ్గరి సంబంధాల్లో గుండె లోపాల అవకాశం కొంత పెరుగుతుంది, నిజమే. కానీ ప్రతి నూరు మంది పిల్లల్లో దాదాపు ఒకరికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులది మేనరికం కాదు, కారణమూ తెలియదు. మీరు తిన్నదో, చేసిందో దీనికి కారణమని ఎవరైనా అంటే వినొద్దమ్మా. ఇంకో బిడ్డను అనుకుంటే మాత్రం అయిదో నెలలో బిడ్డ గుండెకు ప్రత్యేకంగా స్కానింగ్ చేయించండి.

ఎకోకు మీరు బెంగళూరో వేలూరో పరుగెత్తాల్సిన పని లేదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. 2021 అక్టోబరులో టీటీడీ మొదలుపెట్టిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రత్యేకంగా ఇలాంటి పిల్లల కోసమే. ఒకవేళ ఆపరేషన్ దాకా వస్తే, వెనకటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తారు. కార్డు, ఆధార్, పాత కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి.

మొక్కు సంగతి. బాబు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఈ శబ్దం అడ్డం కాదు, ఎకో రిపోర్టు వచ్చాక నిశ్చింతగా వెళ్లండి. వాణ్ని ఎత్తుకుని మెట్లెక్కడం కన్నా బస్సులో తీసుకెళ్లడం మేలు. గుండె డాక్టరు విని సరేనంటే పాప మెట్లెక్కొచ్చు, మధ్యమధ్యలో కూర్చోబెట్టి నీళ్లు పట్టండి. అబ్బాయి మాత్రం తన గుండె డాక్టరును అడగకుండా ఆ మూడున్నర వేల మెట్లు ఎక్కకూడదు. ఏడాదిగా చెకప్‌కు వెళ్లకపోతే ముందు ఈసీజీ, ఎకో అవ్వాలి. ఆయన ఒప్పుకుని ఎక్కినా సరే, దారిలో దడ వస్తే, కళ్లు తిరిగితే అక్కడే ఆగి సాయం అడగమని చెప్పండి.