ముందు సుద్దముక్క, తర్వాతే స్పీడ్ బ్రేకర్

పార్కింగ్ స్థలాల గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగానికి పైగా స్పీడ్ బ్రేకర్ల మీదే. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండ్లు తెగ స్పీడ్‌గా పోతున్నాయి. పిల్లలు అక్కడే తిరుగుతుంటారు, పెద్దవాళ్లు అక్కడే వాకింగ్ చేస్తారు. గేటు నుంచి చివరిదాకా ఐదు స్పీడ్ బ్రేకర్లు వేయిద్దామని కమిటీలో అనుకున్నాం. ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గరే గొడవ. ఒకాయన అరడుగు కావాలంటాడు, ఇంకొకాయన అసలు వద్దంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఐదు అని ఏ లెక్కన తేల్చారండీ? ఎత్తు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ ఐదు దగ్గరే నాకు అనుమానం. కమిటీ మీటింగుల్లో ఈ నంబర్ ఎప్పుడూ ఇలాగే పుడుతుంది, ఎవరో ఒకరు అంటారు, మిగతావాళ్లు తలూపుతారు.

ఒక పని చేయండి. బండ్లు ఎక్కువగా తిరిగే వేళ చూసుకుని, సుద్దముక్క ఒకటి జేబులో వేసుకుని, అరగంట ఒక స్తంభం పక్కన నిలబడండి. ఎవరినీ ఆపొద్దు, ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఎవరైనా సడన్ బ్రేక్ కొట్టిన చోట నేల మీద ఒక ఇంటూ గుర్తు పెట్టండి. నడిచేవాళ్లు బండి చూసి టక్కున ఆగిపోయిన చోట ఒక సున్నా. డ్రైవర్లు యాక్సిలరేటర్ తొక్కడం మొదలుపెట్టే చోట ఒక గీత. ఇలా రెండు మూడు రోజులు చేస్తే మీ పార్కింగ్ మ్యాప్ మీ కాళ్ల దగ్గరే తయారవుతుంది.

నేనొక చోటికి వెళ్లినప్పుడు అప్పటికే నాలుగు బ్రేకర్లున్నాయి, నాలుగూ గేటు దగ్గరున్న తిన్నటి దారిలోనే. మేం పెట్టిన ఇంటూలు, సున్నాలు మాత్రం దాదాపు అన్నీ ఒక్క చోటే పడ్డాయి. లిఫ్ట్ తలుపు పక్కన ఒక లావుపాటి స్తంభం, దాని వెనక నుంచి మనిషి బయటికొస్తే బండివాడికి ఆఖరి క్షణం దాకా కనపడడు. నాలుగు బ్రేకర్ల మీదా డబడబమంటూ దాటి విసిగిపోయిన డ్రైవర్లు సరిగ్గా ఆ స్తంభం ముందే కసిగా యాక్సిలరేటర్ తొక్కుతున్నారు. వేసినవాళ్లది మంచి ఉద్దేశమే, కానీ ప్రమాదాన్ని ఇరవై మీటర్లు అవతలికి జరిపారంతే. అక్కడ చివరికి చేసిందేమిటంటే, రెండు బ్రేకర్లు పీకేసి, ఒకటి తీసుకొచ్చి స్తంభానికి ఐదారు మీటర్ల ముందు వేసి, స్తంభానికి ఎదురుగా ఒక ఉబ్బెత్తు అద్దం పెట్టారు.

ఇంత చిన్న వేగాలకి ఇంత హడావిడి ఎందుకంటారా? గంటకి 20 కిలోమీటర్లంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. అడ్డంగా మనిషి కనపడ్డాక మన కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేక్ పడకముందే కారు తన పొడవు కంటే ఎక్కువ దూరం వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆగడానికి ఇంకో రెండు మీటర్ల పైమాట. అదే 10లో వెళ్తుంటే అంతా కలిపి మూడు మీటర్ల చిల్లరలో ఆగుతుంది. పార్కింగ్‌లో రెండు కార్ల సందులోంచి బయటికొచ్చే పిల్లాడికీ, బండికీ మధ్య ఉండే దూరం సుమారుగా అంతే. బ్రేకర్ పని డ్రైవర్‌ని శిక్షించడం కాదు, ఆ ఒక్క చోటికి వచ్చేసరికి వేగాన్ని 10 దగ్గరికి దించడం.

ఇక ఎత్తు. మనం అన్నిటినీ స్పీడ్ బ్రేకర్ అనేస్తాం గానీ ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి బంప్, అడ్డంగా పడుకోబెట్టిన దుంగలా ఇరుకుగా ఉంటుంది, దాని అడుగు 30 నుంచి 90 సెంటీమీటర్లు. రెండోది హంప్, ఎత్తు 7.5 నుంచి 10 సెంటీమీటర్లున్నా మూడున్నర మీటర్లకి పైగా పరుచుకుని మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, అది వీధుల కోసం. పార్కింగ్‌కి బంప్ సరిపోతుంది. 15 సెంటీమీటర్లవి కూడా వేస్తారు కానీ మీ కమిటీ పెద్దమనిషి అడిగిన అరడుగు అంటే అదే, మామూలు కారుకి అడుగు భాగానికీ నేలకీ మధ్య ఖాళీయే అంతకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఐదుగురు ఎక్కితే అదీ తగ్గుతుంది. ఆయన కారునే ముందు దాటించి చూడమనండి! నా ఓటు 5 సెంటీమీటర్లకి, మరీ మొండి చోటైతే 7.5.

ఎక్కడ వేయకూడదో కూడా చెప్తాను. మలుపులో వేయొద్దు, ఒరిగిన టూవీలర్ కింద బంప్ వస్తే జారుతుంది. ర్యాంప్ మీద వేయొద్దు. గేటుకి ఆనుకుని వేయొద్దు, వెనక బండ్లు రోడ్డు మీదకి బారులు తీరతాయి. అంబులెన్స్, ఫైరింజన్ వచ్చే దారిలో అసలే వద్దు. దారికి ఏటవాలుగా కాకుండా తిన్నగా అడ్డంగా ఉండాలి, లేకపోతే కుడి ఎడమ చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి బండి పక్కకి లాగుతుంది. గోడ పక్కన నీళ్లు పోవడానికి సందు వదలాల్సిందే, కానీ స్కూటర్ పట్టేంత వదిలారో, టూవీలర్లన్నీ ఆ సందులోంచే, అంటే సరిగ్గా నడిచేవాళ్ల మీదుగానే పోతాయి. జానెడు చాలు.

ఐదు కాదు, మీకు బహుశా రెండు సరిపోతాయి.

ప్రశ్న: రబ్బరు బ్రేకర్ వేయించిన మూడు నెలలకే ఊడిపోయింది. ఇప్పుడు బోల్ట్‌లు రెండు పైకి లేచి నిలబడ్డాయి, ఒకరి టైర్ పంక్చర్ కూడా అయింది. రబ్బరువే మంచివి కాదేమో, సిమెంటుతో పోయించమంటారా?

జవాబు: ముందు ఆ బోల్ట్‌లు ఈ రోజే పీకించండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

రబ్బరుది తప్పు కాదు, నూటికి తొంభై సార్లు తప్పు రంధ్రంలో ఉంటుంది. బిగించేటప్పుడు పక్కన నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది. డ్రిల్ తిరుగుతుంది, రంధ్రం చుట్టూ తెల్లటి పొడి కుప్ప పడుతుంది, కుర్రాడు దాన్ని చేత్తో పక్కకి తుడిచి వెంటనే బోల్ట్ దింపేస్తాడు. పైన తుడిచాడు సరే, లోపల రెండంగుళాల పొడి అలాగే ఉంది. యాంకర్ బోల్ట్ కాంక్రీట్‌ని పట్టుకోవాల్సింది పోయి పిండిని పట్టుకుని కూర్చుంటుంది. రోజూ చక్రాలు ఎక్కి దిగుతుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది? రంధ్రంలోకి గాలి కొట్టాలి, బ్రష్ తిప్పాలి, మళ్లీ గాలి కొట్టాలి, ఆ తర్వాత ఎపాక్సీ అనే గట్టి జిగురు, ఆ తర్వాత బోల్ట్. బోల్ట్ తల రబ్బరులోని గుంటలోకి పూర్తిగా దిగాలి, వేలితో తడిమితే తగలకూడదు.

తారు నేల అయితే లెక్క మారుతుంది. కాంక్రీట్‌కి వాడే విచ్చుకునే బోల్ట్ తారులో పట్టు దొరక్క వదులవుతుంది, అక్కడ పొడవాటి ఇనుప మేకులు దించాలి. తారు కొత్తగా పోసి ఉంటే గట్టిపడేదాకా కొన్ని వారాలు ఆగండి.

ఇంకొకటి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ పార్కింగ్ నేల మీద కాకుండా పై అంతస్తు శ్లాబు మీద ఉంటే, బిల్డింగ్ కట్టిన ఇంజినీరుని అడగకుండా డ్రిల్ ముట్టుకోనివ్వొద్దు. కొన్ని శ్లాబుల్లో బిగుతుగా లాగి పెట్టిన స్టీలు తీగలు ఉంటాయి, వాటిలో ఒకటి తెగితే శ్లాబు బలం దెబ్బతింటుంది, అది తెగే విసురుకి మనిషికే ప్రమాదం. తీగలు లేకపోయినా నీరు దిగకుండా వేసిన పొరకి చిల్లు పడిందంటే కింది అంతస్తులో కార్ల మీద చుక్కలు మొదలవుతాయి. అలాంటి చోట బోల్ట్ లేకుండా జిగురుతో అతికించేవి చూసుకోండి.

సిమెంటు సంగతి అడిగారు కదా. ఊడదు, నిజమే. కానీ మేస్త్రీ పనితనం మీద ఆధారపడుతుంది, ఒక కొస 5 సెంటీమీటర్లుంటే ఇంకో కొస 9 ఉంటుంది, తప్పు చోట వేశామని తెలిశాక పగలగొట్టడం ఒక పెద్ద పని. రబ్బరుది అయితే నాలుగు బోల్ట్‌లు విప్పి జరిపేయొచ్చు. మొదటిసారి వేయించేవాళ్లకి రబ్బరే అంటాను.

ప్రశ్న: కార్లు మరీ ముందుకొచ్చి గోడకి గుద్దుతున్నాయి. కర్బ్ రాళ్లతో అంచు గట్టు కట్టించాలా, టైరుకి అడ్డంగా నేల మీద బిగించే వీల్ స్టాపర్లా? ఎంత దూరంలో?

జవాబు: ముందు ఏముందన్న దాన్ని బట్టి. గోడే ఉండి, అక్కడ ఎవరూ నడవకపోతే స్టాపర్లు పెట్టండి. ఎత్తు 10 సెంటీమీటర్లు చాలు, అంతకి మించితే టైరు ఆగకముందే బంపర్ కింది భాగం గీసుకుంటుంది.

దూరానికి టేపు పట్టుకుని తంటాలు పడొద్దు. మీ దగ్గరున్న వాటిలో మూతి పొడుగున్న కారుని తెప్పించి, గోడకి జానెడు దూరంలో ఆపించి, టైరు ముందు సుద్దతో గీత గీయండి. అదే కారుని రివర్స్‌లో పెట్టించి మళ్లీ గీయండి, వెనక భాగం చాలా కార్లకి ఇంకా పొడుగు. రెండిట్లో గోడకి ఎక్కువ దూరమున్న గీతే మీ స్టాపర్ అంచు. మామూలుగా టైరు స్టాపర్‌కి తగిలి ఆగాక కూడా బంపర్ ఇంకో 60 నుంచి 75 సెంటీమీటర్లు ముందుకి చొచ్చుకుని ఉంటుంది.

ముందు నడకదారి ఉందంటే మాత్రం ఈ 75 సెంటీమీటర్లే కొంప ముంచుతుంది. చాలాచోట్ల 15 సెంటీమీటర్ల కర్బ్ కట్టి, దాని వెనక 1.2 మీటర్ల నడకదారి వేసి, పని అయిపోయిందనుకుంటారు. కార్లన్నీ కర్బ్‌కి ఆనుకుని ఆగాక అక్కడ నడవడానికి మిగిలేది అర మీటరు. పిల్లల బండి తోసుకెళ్లే తల్లి ఏం చేస్తుంది? కిందికి దిగి బండ్ల మధ్య నడుస్తుంది. ఎవరి కోసం దారి కట్టామో వాళ్లనే రోడ్డు మీదకి దించినట్టయింది. దారైనా వెడల్పు చేయండి, లేదా స్టాపర్లు వెనక్కి జరపండి.

స్టాపర్లకి ఇంకో పేచీ ఉంది, కార్లు లేనప్పుడు చీకట్లో కాలికి తగులుతాయి. పార్కింగ్ గడి రెండున్నర మీటర్లుంటే స్టాపర్ 1.8 మీటర్లు మించకుండా మధ్యలో పెట్టండి, రెండు గడుల మధ్య మనిషి నడిచే సందు మిగులుతుంది. పసుపు రంగు తప్పనిసరి.

వీల్‌చైర్ వెళ్లే చోట కర్బ్‌ని తెంపి వాలు ఇవ్వాలి. ఒకటికి పన్నెండు లెక్క, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకి 1.8 మీటర్ల వాలు. రెండడుగుల వాలు కట్టి ర్యాంప్ అని బోర్డు పెడితే దాని మీద చక్రాల కుర్చీ తోసి చూడమనండి, కట్టినవాళ్లనే.

కర్బ్ అయినా స్టాపర్ అయినా మెల్లగా వచ్చే కారుకే. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కేస్తే కారు వాటిని ఎక్కి దూకేస్తుంది. గోడ వెనక జనం కూర్చునే చోటు ఉంటే నేలలోకి లోతుగా పాతిన, కాంక్రీట్ నింపిన ఉక్కు బొలార్డ్‌లు, అంటే పొట్టి స్తంభాలు కావాలి. అది ఇంజినీరు లెక్క కట్టాల్సిన పని, పైపు కొని పాతేస్తే అయ్యేది కాదు.

ప్రశ్న: సరిగ్గా మా పడకగది కిటికీ కింద స్పీడ్ బ్రేకర్ వేశారు. రాత్రంతా డబ్ డబ్. కమిటీవాళ్లు సేఫ్టీ అంటారు. నిద్ర మాత్రం నాకు పోయింది.

జవాబు: మీ బాధ నిజమే, బ్రేకర్ దగ్గర మూడు చప్పుళ్లుంటాయి, బ్రేక్ వేసినప్పుడొకటి, ఎక్కి దిగేటప్పుడొకటి, మళ్లీ గేర్ మార్చి లాగినప్పుడొకటి. పోట్లాటకి దిగేముందు దాన్ని ఒకసారి చేత్తో కదిపి చూడండి. రబ్బరుది అయితే ఒక ముక్క వదులై నేలకి కొట్టుకుంటూ ఉండొచ్చు, బిగిస్తే చప్పుడు సగం పోతుంది. పోకపోతే పది పదిహేను మీటర్లు జరపమనండి. జరపడం కుదరదంటే ఆ దారిని వన్ వే చేయమనండి, లేదా మధ్యలో ఒక పూల తొట్టి పెట్టి దారిని కాస్త వంకర తిప్పమనండి. తిన్నటి దారి పొడుగ్గా కనపడితేనే కాలు యాక్సిలరేటర్ మీద బరువెక్కుతుంది, వంకర దారిలో ఎవరూ చెప్పకుండానే తగ్గుతారు. నన్నడిగితే చాలా చోట్ల బ్రేకర్ కంటే తొట్టే మేలు.

ప్రశ్న: అసలు ఈ నడుం విరగ్గొట్టే వస్తువుని కనిపెట్టిన మహానుభావుడెవరు?

జవాబు: కోపం అర్థమైంది. ఒక్కడని చెప్పలేం కానీ, ఆ వరసలో నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. ఆర్థర్ హాలీ కాంప్టన్. ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్‌కి తగిలి చెదిరితే ఏమవుతుందో చూపించి 1927లో నోబెల్ తీసుకున్నాడు. తర్వాత అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి ఛాన్సలర్ అయ్యాడు, అక్కడ బిల్డింగ్ ముందు నుంచి కార్లు దూసుకుపోతుంటే చూడలేక 1953లో వాటి కోసం గతుకులు డిజైన్ చేశాడు. వీధుల్లో వేసే మెత్తటి హంప్ రూపం మాత్రం 1970ల మొదట్లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో తేలింది, 3.7 మీటర్ల పొడవున విల్లులా వంగి ఉండేది. మీ నడుం విరగ్గొట్టింది ఆ రూపం అయ్యుండదు, ఎవరో కొలతలు లేకుండా కుప్ప పోసి ఉంటారు.

ప్రశ్న: రేపు వేయిస్తున్నాం. రంగు ఎప్పుడు వేయాలి?

జవాబు: రంగు ఆలస్యమయ్యేటట్టుంటే బ్రేకరే ఆపేయండి. నిన్నటిదాకా సాఫీగా ఉన్న దారిలో నల్లటి బంప్ ఉందని ఇంటికొచ్చే స్కూటర్‌వాడికి కల రాదు. పసుపు పట్టీలు, మెరిసే రిఫ్లెక్టర్లు, పది పదిహేను మీటర్ల ముందు ఒక బోర్డు, పైన ఒక లైటు, ఇవి పగటి వెలుగుండగానే అయిపోవాలి. పని పొద్దున్నే మొదలుపెట్టండి. రంగు ఆరేదాకా రెండు వైపులా బకెట్లు అడ్డం పెట్టి, మొదటి రాత్రికి టార్చ్‌తో ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి.