బ్యాగు బరువుకి పిల్లల వెన్ను వంకర పోతుందా?

పోదు. నడుం నొప్పి రావచ్చు, అంతే. అనంతపురంలో తల్లులు ముందు తప్పుపట్టేది బ్యాగునే గానీ, స్కోలియోసిస్‌కు, అంటే వెన్ను పక్కకు వంకర పోవడానికి, చాలావరకు కారణమే దొరకదు. 10–18 ఏళ్ల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎక్స్‌రేలో 10 డిగ్రీలు, అంతకు మించిన వంపు ఉంటుంది. ఎక్కువమందికి వైద్యమే అక్కర్లేదు. 30 డిగ్రీలు దాటితే మాత్రం ఒక అబ్బాయికి పదిమంది అమ్మాయిల లెక్క. అమ్మకో అక్కకో ఉంటే అవకాశం ఎక్కువ. పెద్దమనిషి కాకముందు, ఎత్తు గబగబా పెరిగేటప్పుడే వంపు ముదురుతుంది.

వంపు ఉందేమో చూడాలంటే, అమ్మాయిని జడ ముందుకేసి, వీపు కనబడేలా, కాళ్లు దగ్గరపెట్టి మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమనండి. వెనకనుంచి చూస్తే ఒకవైపు పక్కటెముకలు గూనిలా లేచాయా? కర్నూలు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. ఎదుగుదల ఆగాక, వంపు ముదరకుండా వీపుకు బెల్టు కట్టినా లాభం ఉండదు.