యాప్ కాదు, ముందు మీ ఆవిడకి చెప్పండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. కంపెనీలో కోతలు మొదలయ్యాక ఆరు నెలల క్రితం నా జీతం మూడో వంతు తగ్గించారు. ఇంట్లో చెప్పలేదు. నా భార్య అసలే భయస్తురాలు. అప్పట్నుంచీ రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తున్నాను. పిల్లలకి బొమ్మలు, ఆవిడకి బట్టలు, ఇంట్లోకి అక్కర్లేని వస్తువులు. కొన్న కాసేపూ హాయిగా ఉంటుంది, పార్సిల్ వచ్చేసరికి దిగులు పట్టుకుంటుంది. క్రెడిట్ కార్డుకి మినిమమ్ మాత్రమే కడుతున్నాను. మొన్న ఆవిడ ‘ఇవన్నీ ఎందుకండీ’ అంటే పిల్లల ముందే కేకలేశాను. ఖర్చులు అదుపులో పెట్టుకోవడానికి మంచి యాప్ ఏదైనా చెప్పండి.

జవాబు: యాప్ సంగతి వదిలేయండి. జీతం ఎంత తగ్గిందో మీకు తెలుసు. ఆ వస్తువులు అక్కర్లేదనీ తెలుసు. ఇది లెక్క తెలియక పెడుతున్న ఖర్చు కాదు.

మీ ఆవిడ భయస్తురాలని రాశారు. ఇన్నాళ్లుగా మీరు ఆవిడ భయాన్ని అడ్డం పెట్టుకుని మీ భయాన్ని దాచుకుంటున్నారు. ఒకసారి మీరు కొన్నవేమిటో చూడండి. మీ కోసమని కొనుక్కున్నది ఒక్కటైనా రాయలేదు. పార్సిళ్లు వస్తున్నంత కాలం ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు, మీరు ఎప్పటిలాగే సంపాదిస్తున్నట్టే ఉంటుంది. చెప్పని మాటని కప్పిపుచ్చడానికే సగం ఖర్చు అవుతోంది. అందుకే ఆవిడ ఎందుకని అడగ్గానే మీకు అంత కోపం వచ్చింది.

మనసు బాగోనప్పుడు చెయ్యి వదులవుతుందన్నది నిజమే. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, విషాద దృశ్యం చూసినవాళ్లు మామూలు నీళ్ల సీసాకి మిగతావాళ్ల కంటే ఎక్కువ డబ్బు పెట్టడానికి సిద్ధపడ్డారు. ఆ దృశ్యం ప్రభావం తమ మీద లేదనే అనుకున్నారు కూడా. 2014లో మరో పరిశోధన ఇంకో సంగతి చెప్పింది: ఏది కొనాలో ఎంచుకోవడం వల్ల, పరిస్థితి మళ్లీ తన చేతిలోకి వచ్చినట్టు అనిపించి దిగులు తగ్గుతుందట. మీ విషయంలో జరుగుతున్నది ఇదే. ఉద్యోగం మీ చేతిలో లేదు, జీతం మీ చేతిలో లేదు. అర్ధరాత్రి ఫోన్‌లో మాత్రం మీరు చెప్పిందే జరుగుతుంది. ఇంటి విషయాలు భార్యతో కూర్చుని తేల్చుకునే మనిషికి ఆ అధికారం కోసం ఫోన్ దాకా వెళ్లాల్సిన పని ఉండదు.

ఇంట్లో వాళ్లకి కష్టం తెలియనివ్వకుండా నెట్టుకురావడమే మగతనమని మీకు చిన్నప్పుడే ఎవరో నేర్పి ఉంటారు. నేను ఒప్పుకోను. జీతం తగ్గితే పరువు పోదు. కాపురం చేస్తున్న మనిషిని కళ్లు మూసి నడిపించడం, పైగా ఆవిడనే కసరడం, అదీ పరువు తక్కువ పని. రాత్రంతా మీరు మేలుకుని ఉంటే పక్కనున్న మనిషికి ఏదో తేడాగా ఉందని తెలియకుండా ఉంటుందా? ఏం జరిగిందో తెలియక ఆవిడ ఇంకా ఎక్కువ ఊహించుకుంటూ ఉండొచ్చు.

ఈ వారంలోనే చెప్పండి. పిల్లలు పడుకున్నాక పేస్లిప్పు, కార్డు బిల్లు రెండూ ఆవిడ ముందు పెట్టండి. జీతం ఒక్కటీ చెప్పి బాకీ దాచొద్దు. ‘నీ కోసమే చెప్పలేదు’ అని మొదలుపెట్టొద్దు. కోప్పడుతుంది, పడనివ్వండి. జీతం తగ్గినందుకు కంటే ఆరు నెలలు దాచినందుకే ఎక్కువ బాధపడుతుంది, అందులో తప్పేం లేదు. మొన్న కేకలేసినందుకు క్షమించమని అడగండి. కార్డు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టి ‘ఇక నువ్వే చూసుకో’ అని మాత్రం అనకండి. ఆవిడ మీకు భార్య, కాపలా మనిషి కాదు.

కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి. బాకీ పూర్తిగా తీర్చకపోతే చాలా కార్డుల్లో కొత్తగా కొన్నదానికి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకి 3 శాతం అంటే చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వడ్డీ మీద వడ్డీ చేరి ఏడాదికి 42 శాతం దాటుతుంది. తక్కువ వడ్డీకి వాయిదాలుగా మారుస్తారేమో బ్యాంకుని అడగండి. ఫోన్‌లో దాచి ఉంచిన కార్డు నంబర్లు తీసేయండి. రాత్రి ఫోన్ పడకగదిలోకి రాకూడదు. ఏదైనా కొనాలనిపిస్తే మర్నాడు సాయంత్రం దాకా ఆగి, అప్పుడు కూడా ఆవిడతో అనుకున్నాకే కొనండి. అంతా చెప్పేశాక కూడా నిద్ర పట్టకపోయినా, చెయ్యి ఆగకపోయినా డాక్టర్‌ని కలవండి.

ఇంకా తెరవని పార్సిళ్లు ఉంటే, ఏవి వాపసు పంపాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. వాపసు గడువు దాటకముందే.