ఫిజియోథెరపీలో వచ్చే 'టక్' శబ్దం ఎముక సర్దుకున్నట్టేనా?

కాదు, ఫిజియోథెరపిస్టు కీలును చేత్తో చటుక్కున కదిపినప్పుడు వచ్చే ఆ శబ్దం కీలు లోపలి ద్రవంలో గ్యాస్ బుడగ వల్ల వచ్చేదే, ఎముక చోటుకు చేరినందువల్ల కాదు.

కీలులో ఎముకల మధ్య జిగట ద్రవం ఉంటుంది. వాటిని చటుక్కున ఎడం చేస్తే లోపల ఒత్తిడి పడిపోయి, అందులో కరిగి ఉన్న వాయువు బుడగై బయటపడుతుంది. మెటికలు విరుచుకుని చూడండి. ఒకసారి టక్‌మన్న వేలు ఎంత లాగినా సుమారు 20 నిమిషాల దాకా మళ్లీ మోగదు. ఆ వాయువు తిరిగి ద్రవంలో కరగాలి కదా!

మరి నొప్పి ఎందుకు తగ్గుతుంది? ఎక్కువగా అది నరాల పనే. చేతి ఒత్తిడి, కదలిక కలిసి నొప్పి సంకేతాలను కాసేపు మందగింపజేస్తాయి, బిగిసిన కండరం వదులవుతుంది. ఈ హాయి చాలావరకు తాత్కాలికం. వ్యాయామాలు కూడా చేయమనేది అందుకే.

'సర్దడం' అన్న ఊహ పాతది. 1895లో కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేత్తో సర్దే వైద్యం) మొదలుపెట్టిన డి.డి. పామర్ కూడా వెన్నుపూసలు పక్కకు జరగడమే జబ్బులకు మూలం అన్నాడు. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్‌లాండ్ మాత్రం రోగికి నొప్పి, బిగువు ఎక్కడ తగులుతున్నాయో చూసుకుంటూ కీలును లయగా ఊపే పద్ధతిని గ్రేడ్లుగా విభజించాడు. 1 నుంచి 4 దాకా గ్రేడ్లలో శబ్దంతో పనే లేదు.

కాబట్టి గట్టిగా మోగితేనే వైద్యం బాగా జరిగినట్టు అనుకోవడం అపోహ. నిజంగా భుజం కీలు చోటు తప్పితే చెయ్యి కదపనివ్వదు, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. అది వేరే సంగతి.