జాజ్ రికార్డులు కొంటే పొదుపు చేసినట్టేనా?

ప్రశ్న: నా వయసు 44. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు చేతికి 1,40,000 వస్తుంది. మా ఆవిడ స్కూల్ టీచర్, జీతం 35,000. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. ఇంటి లోన్ ఇంకా 31 లక్షలుంది, వడ్డీ 8.5 శాతం, నెలకు 44,600 చొప్పున ఎనిమిదేళ్లు కట్టాలి. సిప్ 8,000. బ్యాంకులో లక్ష దాకా ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద 1,10,000 బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను.

నాకున్న ఒకే ఒక్క వ్యసనం జాజ్ రికార్డులు. న్యూజెర్సీలో పనిచేసిన ఆరేళ్లలో అంటుకుంది. ఇప్పుడు 1,150 ఎల్‌పీలు ఉన్నాయి, నెలకు సగటున 22,000 పెడుతున్నాను. రికార్డులు కొనే, అమ్మే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో ధరలు చూసి లెక్కేస్తే వీటి విలువ 25 లక్షలు తేలింది. అందుకే ఈ ఖర్చును పొదుపు కిందే రాసుకుంటాను. మా తోడల్లుడు మాత్రం అన్నీ అమ్మేసి లోన్ తీర్చెయ్యమంటాడు. ఆయన మూడు లక్షల బైక్ కొని నెలకోసారి బయటికి తీస్తే ఎవరూ ఏమీ అనరు! నా ఉద్దేశంలో హాబీ లేని మనిషి రిటైరయ్యాక ఇంట్లోవాళ్ల ప్రాణం తీస్తాడు. జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి రెండు వారాలు వెళ్లేకన్నా, ఫోన్లో ఏదో మోగుతుంటే వేరే పని చేసుకునేకన్నా, కుదురుగా కూర్చుని ఒక రికార్డు రెండు వైపులా వినడం మేలు. ఇంతకీ, అమెరికాలో ఒక అమ్మకందారు లీ మోర్గాన్ ఆల్బమ్ 'ది సైడ్‌వైండర్' ఒరిజినల్ ప్రెస్సింగ్ (మొదటిసారి అచ్చయిన కాపీ) 38,000కు ఇస్తానంటున్నాడు. ఈ నెలాఖరులోగా చెప్పాలి. కొనమంటారా?

మా ఆవిడ కూడా ఒక మాట రాయమంది: రేపు ఈయనకేమైనా అయితే ఇవన్నీ నేనేం చేసుకోవాలి?

జవాబు: మీ తోడల్లుడి బైక్ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. జిమ్ గురించి కూడా. కానీ ఒక తేడా ఉందండీ. ఆయన ఆ బైకును పొదుపు కింద రాసుకోవడం లేదు. డబ్బు పోయిందని ఆయనకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. మీ ఇంట్లో నెలకు 22,000 బయటికి పోతున్నా, మీ లెక్కల పుస్తకంలో మాత్రం లోపలికి వస్తున్నట్టు ఉంటోంది. సిప్ 8,000 దగ్గరే ఆగిపోవడానికి, అత్యవసర నిధి లక్ష దాటకపోవడానికి అసలు కారణం ఈ రాతే అని నా అనుమానం. 25 లక్షలున్నాయి కదా అన్న ధీమా.

ముందు ఆ 25 లక్షల సంగతి చూద్దాం. మీరు ఉత్తరంతోపాటు పంపిన జాబితా తెరిచి చూశాను. ప్రతి రికార్డుకూ డిస్కాగ్స్‌లో ఇప్పటిదాకా అమ్ముడైన వాటిలో అత్యధిక ధర తీసుకున్నారు. అదే సైట్‌లో అత్యల్ప ధర, మధ్య ధర కూడా ఉంటాయి. అత్యధిక ధర పలికిన కాపీ ఎక్కడో టోక్యోలోనో, లండన్‌లోనో ఒకాయన గీత పడకుండా దాచుకున్నది అయి ఉంటుంది. మీ జాబితాలో సగానికి పైగా రికార్డుల గ్రేడు వీజీ (పేరుకు 'వెరీ గుడ్', నిజానికి బాగా వాడినది) అని మీరే రాశారు. సూది పెట్టగానే చిటపటలు వినిపించే కాపీకి, నియర్ మింట్, అంటే దాదాపు కొత్తదానిలా ఉన్న కాపీకి మధ్య ధర రెండు మూడు రెట్లు తేడా ఉండటం ఈ బజారులో మామూలే. బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ వేసిన పాత రికార్డులకైతే ఇంకా ఎక్కువ.

జాబితాను మధ్య ధర ప్రకారం, గ్రేడుకు తగ్గట్టు తగ్గించి మళ్లీ పేర్చాను. మొత్తం విలువలో పెద్ద వాటా పైనున్న నలభై రికార్డులదే. మిగతా పదకొండు వందలలో చాలావరకు మీకు విలువైనవే కానీ, అమ్మబోతే ఐదొందలు, వెయ్యి పలికేవి. ఈ నలభైలో మీరు గొప్పగా చెప్పుకునేవి కొన్ని లేవు కూడా. ఉదాహరణకు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' మూడు కాపీలు ఉన్నాయి. 1959లో వచ్చిన ఆ రికార్డు జాజ్‌లో అందరికంటే ప్రసిద్ధం, నిజమే. కానీ అమెరికాలోనే యాభై లక్షల అమ్మకాలకు సర్టిఫికెట్ పొందిన ఆల్బమ్ అది. అంతమంది ఇళ్లలో ఉన్న వస్తువు ఎంత గొప్పదైనా, అరుదైనది ఎలా అవుతుంది? 1957లో బ్లూ నోట్ 1568 నంబరుతో వేసిన హ్యాంక్ మోబ్లీ రికార్డు పేరు జాజ్ వినేవాళ్లలోనే చాలామందికి తెలియదు. మొదటి ప్రెస్సింగ్ మంచి కాపీ దొరికితే వేల డాలర్లు పెడతారు. అప్పట్లో అది కొద్దిగానే అచ్చయింది, అంతే. కలెక్టర్ల బజారులో ధర పలికేది కొరతకు. పాట గొప్పదనం ఆ తర్వాతి సంగతి.

ఇంకో మాట. అభిరుచులకు వయసు ఉంటుంది. 1930ల నాటి స్వింగ్ బ్యాండ్ల 78 ఆర్‌పీఎం రికార్డుల కోసం ఒకప్పుడు కొట్టుకునేవారు. ఆ తరం శ్రోతలు తగ్గిపోయాక వాటిలో చాలావాటిని అడిగే దిక్కు లేదు. 1950లు, 60ల బ్లూ నోట్, ప్రెస్టీజ్ కంపెనీల రికార్డులకు ఇప్పుడు గిరాకీ బాగుంది. మీరు రిటైరయ్యే నాటికీ ఇలాగే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? షేరుకు డివిడెండ్ ఉంటుంది, ఇంటికి అద్దె ఉంటుంది. రికార్డు అలమరలో ఉన్నన్నాళ్లూ రూపాయి ఇవ్వదు, పైగా చోటు అడుగుతుంది. మీ 1,150 రికార్డులు కవర్లతో కలిపి తూకం వేస్తే మూడు క్వింటాళ్లకు దగ్గరగా ఉంటాయి.

అమ్మడం ఎంత కష్టమో కూడా లెక్కలోకి తీసుకోవాలి. బంగారమైతే పొద్దున నగల దుకాణానికి వెళ్లి మధ్యాహ్నానికి డబ్బు తెచ్చుకోవచ్చు. మన దేశంలో పాత జాజ్ కొనేవాళ్లు ముంబై, బెంగళూరు, కోల్‌కతా, చెన్నై కలిపినా చిన్న గుంపే. ముంబైలో తరతరాలు సంగీతం కొన్న రిథమ్ హౌస్ కూడా 2016లో మూతపడింది. విదేశాలకు పంపాలంటే సైట్ కమిషన్, డబ్బు మార్పిడి ఛార్జీలు, ప్యాకింగ్, తపాలా, దారిలో విరిగితే తిరిగి చెల్లింపు, ఇవన్నీ మీ నెత్తినే. ఏడాదిన్నర ఓపిగ్గా ఒక్కొక్కటి అమ్మితే మొత్తం మీద ఏడెనిమిది లక్షలు రావచ్చని నా అంచనా. ఒకేసారి మొత్తం ఎవరికైనా ఇచ్చేస్తే అందులో సగం వస్తే గొప్ప. కాబట్టి ఆస్తుల జాబితాలో రికార్డుల పక్కన సున్నా రాయండి. ఎప్పుడైనా ఏదైనా అమ్మితే వచ్చింది అదనం అనుకోండి.

అలాగని మీ తోడల్లుడి సలహా కూడా నాకు నచ్చలేదు. అన్నీ తెగనమ్మితే వచ్చేది నాలుగు లక్షలు అనుకుందాం. అది లోన్‌కు కట్టి, ఈఎంఐ అలాగే ఉంచితే అప్పు పదహారు పదిహేడు నెలలు ముందే తీరుతుంది, వడ్డీలో మూడు లక్షల నలభై వేల దాకా మిగులుతుంది. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఇంటి లోన్ మీకున్న అప్పుల్లో చవకైనది. మీ కొంప ముంచుతున్నది వేరే ఉంది.

ఆ 1,10,000 కార్డు బాకీ. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 3,850, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు దాదాపు 4,500. ఏడాదికి 54,000. అంటే నెలకొక మంచి రికార్డు ఖరీదు మీరు బ్యాంకుకు ఊరికే సమర్పిస్తున్నారు, దాన్ని వినడానికి కూడా లేదు. 8.5 శాతం అప్పు తీర్చడం గురించి బామ్మర్దులూ తోడల్లుళ్లూ చర్చించుకుంటుంటే, 40 శాతం దాటిన అప్పు మూల కూర్చుని ఉంది. ముందు దాన్ని తీర్చండి.

ఎలా తీర్చాలంటే, జాబితాలో మీరు డూప్లికేట్ అని గుర్తుపెట్టినవి, ఐదేళ్లుగా ప్లేయర్ మీద పెట్టలేదని రాసినవి కలిపి మూడు వందలకు పైగా ఉన్నాయి. 'కైండ్ ఆఫ్ బ్లూ' మూడు కాపీలూ కావాలని మీరు వాదిస్తారని తెలుసు. పాత ప్రెస్సింగుల్లో మొదటి వైపు కాస్త వేగంగా నడుస్తుందనీ, 1990లలో దాన్ని సరిచేశారనీ, అందుకే పాతదీ కొత్తదీ రెండూ ఉండాలనీ అంటారు. సరే, ఆ రెండూ ఉంచుకోండి. మూడోది, మన దేశంలో ప్రెస్ చేసిన సీబీఎస్ కాపీ, ఎవరికైనా ఇచ్చేయండి. ఈ మూడు వందల్లో ధర పలికే యాభై అరవై ముందు అమ్మితే కార్డు బాకీ తీరిపోవాలి. మిగతా వాటి మీద వచ్చేది అత్యవసర నిధిలోకి. మీ ఇద్దరి జీతాలు, ఈఎంఐ, ఇంటి ఖర్చు చూస్తే, మీ ఉద్యోగం పోయినా మీ ఆవిడ జీతం వస్తుందనుకుని, ఆర్నెల్లకు ఆరున్నర లక్షలు చేతిలో ఉండాలి. మీ రంగం ఇప్పుడు ఎలా ఉందో నేను చెప్పనక్కర్లేదు.

ఇక నెలనెలా ఖర్చు. పూర్తిగా మానెయ్యమని చెప్పను. చెబితే రెండు నెలలు మానేసి, మూడో నెల కార్డు మీద యాభై వేలది కొంటారు. చాలామందిని చూశాను, కెమెరాలైనా, చేతి గడియారాలైనా, పట్టుచీరలైనా ఇదే వరస. నెలకు పదివేలు పెట్టుకోండి. దానికి వేరే సేవింగ్స్ ఖాతా, దాని డెబిట్ కార్డు. జీతం పడిన రోజే అందులోకి వెళ్లిపోవాలి. ఒక నెల ఏమీ కొనకపోతే ఆ డబ్బు తర్వాతి నెలకు చేరుతుంది. ఆ ఖాతాలో ఉన్నదాంతో ఏం కొన్నా ఇంట్లో ఎవరూ మిమ్మల్ని అడగకూడదు, ఈ మాట మీ ఆవిడకూ చెబుతున్నాను. క్రెడిట్ కార్డుతో మాత్రం రికార్డు కొనొద్దు. వినడమే ముఖ్యమైతే బ్లూ నోట్ వాళ్లే 2019 నుంచి టోన్ పోయెట్ పేరుతో అసలు టేపుల నుంచి మళ్లీ వేస్తున్నారు. చవకేమీ కాదు, అయినా ఒరిజినల్ ధరలో చిన్న వంతు. రీఇష్యూలు మీకు గిట్టవని ఉత్తరంలో ఒక పేరా రాశారు, అది ఇక్కడ తీసేశాను, మన్నించండి.

మిగిలే 12,000 మొదట అత్యవసర నిధికి, అది నిండాక సిప్‌కు. మీకు 58 వచ్చేదాకా, అంటే 14 ఏళ్లు నెలకు 12,000 చొప్పున వేసి సగటున 10 శాతం వస్తే 43 లక్షల పైమాటే. నిధి నిండేదాకా సిప్ ఆలస్యమవుతుంది కాబట్టి మీకు అంతకంటే తగ్గుతుంది. అయినా రికార్డుల విలువ మీద ఆశలు పెట్టుకోవడం కంటే నమ్మకమైన దారి. టర్మ్ పాలసీ గురించి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చినది తప్ప వేరే లేకపోతే, ఈ వారమే కోటిన్నరకు తీసుకోండి.

అమ్మకం మీద పన్ను గురించి రెండు ముక్కలు. సొంతానికి వాడుకునే చరాస్తి అమ్మితే సాధారణంగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. నగలు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాల లాంటివి ఆ మినహాయింపులోకి రావు. మీరు విని అమ్ముకునే ఎల్‌పీలు మినహాయింపులో ఉంటాయనే నా అభిప్రాయం. కానీ కొనడం, లాభానికి అమ్మడం నెలనెలా చేస్తుంటే అది వ్యాపారం, ఆదాయంలో చూపించాల్సిందే. పెద్ద మొత్తం అమ్మేముందు మీ సీఏను ఒకసారి అడగండి.

ఇప్పుడు మీ ఆవిడ అడిగిన ప్రశ్న. నన్నడిగితే ఉత్తరం మొత్తంలో అసలైన ప్రశ్న అదే. అమ్మా, ఆయన లేని రోజున పాత సామాన్లు కొనేవాడు వస్తే మొత్తం పదివేలకు అడుగుతాడు, మీరు ఇచ్చేస్తారు. మోబ్లీ రికార్డుకూ, వెయ్యి రూపాయల రికార్డుకూ బయటికి తేడా ఏమీ కనబడదు. అందుకని ఆయన చేత ఒక నోట్‌బుక్ రాయించండి. ఆ నలభై రికార్డుల పేర్లు, నంబర్లు, ఏ అరలో ఉన్నాయి, కనీసం ఎంతకు తగ్గకూడదు, అమ్మడానికి ఎవరిని పిలవాలి. నమ్మదగ్గ కలెక్టర్ మిత్రులు ఇద్దరి ఫోన్ నంబర్లు అందులో ఉండాలి, ఒక్కరిదే ఉంటే చాలదు, ఎందుకో మీకు తెలుసు. ఆ నలభైనీ మిగతావాటి నుంచి విడదీసి ఒకే చోట పెట్టమనండి. విల్లు రాసేటప్పుడు ఈ నోట్‌బుక్ ప్రస్తావన అందులో ఉంటే మరీ మంచిది.

ఇంటి బీమా ఉంటే ఒకసారి పాలసీ తీసి చదవండి. భారత్ గృహ రక్ష పాలసీలో భవనానికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లోని సాధారణ సామాన్లకూ వర్తిస్తుంది. అరుదైన విలువైన వస్తువులకు విడిగా కవర్ తీసుకోవాలి. మీ రికార్డులు ఏ కోవలోకి వస్తాయో కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి. ఆ పాలసీలో మామూలు దొంగతనం ఉండదు, అగ్నిప్రమాదమో వరదో జరిగాక వారం లోపల జరిగిన చోరీ మాత్రమే ఉంటుంది. బీమా కంటే చవకైన జాగ్రత్తలు కూడా ఉన్నాయి. పడమటి ఎండ తగిలే గోడకు అలమర పెట్టకండి, రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి, కింది అర నేలకు జానెడు ఎత్తులో ఉండాలి.

'ది సైడ్‌వైండర్' ఇప్పుడు వద్దు. తపాలా, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కార్డు మార్కప్ కలిస్తే ఆ 38,000 యాభై వేలు దాటినా ఆశ్చర్యపోను, మీ కార్డు బాకీ ఇంకా అలాగే ఉంది. ఆ రికార్డు మీరున్న న్యూజెర్సీలోనే, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని వ్యాన్ గెల్డర్ స్టూడియోలో 1963 డిసెంబరులో రికార్డయింది. దాన్ని వేసిన బ్లూ నోట్ కంపెనీ అమ్మకాల్లో పెద్ద హిట్ కూడా. అందుకే కాపీలు తరచూ బజారులోకి వస్తుంటాయి, నెలాఖరులోగా తేల్చమనే తొందర అమ్మకందారుది, మీది కాదు. కార్డు తీరాక ఆ పదివేల ఖాతాలో ఐదు నెలల డబ్బు చేరినప్పుడు వెతకండి. అప్పుడు కూడా లేబుల్ మీద ఒరిజినల్ కాపీలకు ఉన్నట్టే న్యూయార్క్ అని ఉంది కదా అని డబ్బు పంపకండి. బ్లూ నోట్ లిబర్టీ కంపెనీ చేతికి వెళ్లాక 1966 నుంచి కొత్తగా ప్రెస్ చేసిన కాపీలకు కూడా మిగిలిపోయిన పాత లేబుళ్లే అంటించారు. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ భాగంలో వ్యాన్ గెల్డర్ ముద్రతోపాటు, అంతకుముందు బ్లూ నోట్ రికార్డులు అచ్చేసిన ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ చెక్కిన చిన్న చెవి లాంటి గుర్తు ఉందేమో చూపించమనండి. రెండు వైపులా ఫొటో పంపనివాడికి ఒరిజినల్ ధర ఇవ్వొద్దు.