పొలంబడి నడిపే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈ ఖరీఫ్‌లో వరి పొలంబడి (రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే బడి) నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. "ఊరికే మందు కొట్టొద్దంటే రైతులు వినడం లేదు, ఏం చెప్పమంటారు?" అని అడిగావు. ఏమీ చెప్పకు తల్లీ. పురుగు కనబడితే పంట పోయినట్టే అనే నమ్మకం నష్టాల్లోంచి పుట్టింది. అది మాటలతో పోదు. కళ్ళతో చూస్తే పోతుంది, అదీ మెల్లగా.

ముందు వాళ్ళ భయం నీకు తెలియాలి. నాట్లకు ముందే ఇళ్ళకు వెళ్ళి, కాగితం కలం తీయకుండా కూర్చో. మందు అరువుకు తెస్తారా, నగదుకా? కిందటేడు ఏ పురుగు ముంచింది? సొంత పొలమా, కౌలా? అరువిచ్చే కొట్టువాడే సలహా కూడా చెప్పేచోట, ఆయన మాట కాదంటే వచ్చే పంటకు ఎరువు పుట్టదేమోనన్న బెంగ ఉంటుంది. కౌలు రైతుకు ఇంకా కష్టం, పంట పోయినా కౌలు కట్టాలి. పక్క చేలో పిచికారీ చేస్తుంటే గట్టుమీద నిలబడి చూసేవాణ్ణి ఊరు బద్ధకస్తుడంటుంది. ఇవన్నీ విన్నాక "మీరు చేసేది తప్పు" అనే మాట నీ నోట రాదు. రాకూడదు కూడా. ఆ మాట పడ్డ మనిషి తన పాత పద్ధతిని సమర్థించుకోవడానికే చూస్తాడు.

బడికి 25 నుంచి 30 మంది చాలు, అయిదుగురికో జట్టు. వారానికొకసారి, అదే రోజు, పొద్దుటిపూట, కోత దాకా. నాట్లు వేసే, కలుపు తీసే ఆడవాళ్ళను తప్పకుండా పిలు. దుబ్బుల మధ్య ఎక్కువసేపు వంగి ఉండేది వాళ్ళే. కూలి పోకుండా వేళ వాళ్ళనే అడిగి పెట్టు.

అన్నిటికన్నా బలంగా పనిచేసేది సీసా పరీక్ష. రెండు లీటర్ల పారదర్శక సీసాలు రెండు తీసుకుని అడుగులు కోయించు. రెండు చిన్న కుండీల్లో వరి పిలకలు వేళ్ళతో సహా నాటించి వాటిమీద సీసాలు దించు. ఒక్కోదాంట్లో పది సుడిదోమలు, అంటే వరి రసం పీల్చే పురుగులు, వదలాలి. ఒకదాంట్లో మాత్రం, దుబ్బు మొదట్లో పరుగెత్తే సాలీడును ఒక్కదాన్ని వేయాలి. రెండు వేస్తే ఒకదాన్నొకటి తింటాయి. మూతికి పలచటి గుడ్డ కట్టు. దోమతెర వద్దు, పిల్ల పురుగులు కన్నాల్లోంచి జారిపోతాయి. ఎండలో పెడితే లోపల ఆవిరి పట్టి అన్నీ చస్తాయి, అప్పుడు పరీక్షే అబద్ధమవుతుంది. నీడలో, రైతు ఇంటి అరుగుమీదే ఉంచు. మర్నాడు ఎన్ని దోమలు మిగిలాయో అతనే లెక్కపెట్టాలి. సాలీడు లేని సీసా ఎందుకు పెట్టామో కూడా అతని చేతే చెప్పించు. "వాటంతటవే చచ్చాయేమో" అనే అనుమానానికి జవాబు అదే.

"ఈ పురుగేంటమ్మా?" అని అడిగితే పేరు చెప్పేయకు. ఎక్కడ దొరికింది? ఏం తింటోంది? పక్కన ఇంకేమున్నాయి? అని తిరిగి అడుగు. పేరు చెప్పగానే చూడటం ఆగిపోతుంది. అక్షింతల పురుగు పేనుబంకను తినడం ఒక్కసారి చూసినవాడికి మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఆకుల్ని ముడిచి తినే ఆకుముడత పురుగు భయానికి కత్తెరే మందు. నాటిన 20 రోజులకు ఒక చదరపు గజంలో ఆకులన్నీ సగానికి కత్తిరించి, పక్కన అంతే చోటు కత్తిరించకుండా వదిలి, కోతలో రెంటినీ విడిగా తూకం వేయించు. ఎదిగే పైరు పోయిన ఆకును ఎంతవరకు పూడ్చుకుంటుందో కాటా చెబుతుంది. పొట్ట దశలో మాత్రం ఇది చేయకు. పోటాకు, అంటే వెన్ను దగ్గరి చివరి ఆకు, పోతే గింజకు దెబ్బ.

ప్రతి వారం జట్టుకు పది దుబ్బులు. పిలకలు, పురుగులు, మిత్రపురుగులు, నీళ్ళు, కలుపు లెక్కించి చార్టు మీద బొమ్మ వేయాలి: నడుమ మొక్క, ఒక పక్క శత్రువులు, ఇంకో పక్క మిత్రులు. ఏం చేయాలో జట్టే తేల్చాలి. వారం వారం జట్టు తరఫున చెప్పే మనుషులు మారాలి. లేకపోతే నోరున్న ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్ళు మారరు.

సుడిదోమ నిజంగానే పెరిగితే దాచకు. నీళ్ళు తీసి ఆరబెట్టించు, పైరు మధ్య వదిలిన కాలిబాటల దగ్గర పైరు పాయలు తీయించు. మందు అవసరమైతే అవసరమనే చెప్పు, దుబ్బు మొదళ్ళు తడిసేలా కొట్టించు. దీన్ని దాస్తే నీ మిగతా మాటలన్నీ పోతాయి.

నీకు చెప్పకుండా ఎవరైనా ముందే కొట్టేస్తే ముఖం చిన్నబుచ్చుకోకు. భయంతో చేసిన పని అది. మూడోరోజు అతనితో కలిసి దుబ్బులు లెక్కపెట్టు, దోమలూ తగ్గి ఉంటాయి, సాలీళ్ళూ తగ్గి ఉంటాయి. రెండు అంకెలూ అతని పుస్తకంలోనే రాయించు. సుడిదోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, చాలా మందులు వాటిని తాకవు. వారం, తొమ్మిది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి వాటిని తినే సాలీడు ఉండదు. ఇండోనేషియా 1986లో వరిమీద 57 మందులు నిషేధించిందన్నా, 1989లో అక్కడ ఈ బడులు మొదలయ్యాయన్నా మూలం ఈ దోమపోటే. అది అతనికి ఇప్పుడే చెప్పకు. పదోరోజు మళ్ళీ వెళ్ళి, అవే దుబ్బులు అతని చేతే లెక్కపెట్టించు.